పీర్లనెత్తు చేతులు

మన సీమలో వానలకు కరవుగాని పండుగలకు కరవు లేదు. పెనుకొండ బాబయ్య ఉరుసునకు హిందువులును, కదిరి నరసింహుని తేరునకు ముస్లిములును తరలివచ్చుట ఎవరికిని వింతగా తోచదు. గూగూడు కుళ్ళాయిస్వామి మొహర్రము సంగతి చెప్పనే అక్కరలేదు.

2018లో ప్రభుత్వము లేపాక్షిలో జరిపిన ఉత్సవములను మేము కాదనము, అవి కన్నులపండువే. కాని అచ్చట మనము ప్రేక్షకులము. పీర్లచావిడి ముందట పనివారము. గుండము త్రవ్వువాడొకడు, కట్టెలు తెచ్చువాడొకడు, తప్పెట కొట్టువాడొకడు, ఫాతెహా చదువు ముజావరొకడు. పొత్తు నిలిచినది ఈ పనుల పంపకములోనే. చిలమత్తూరు యువకులు బెంగుళూరు బస్సెక్కిన పిదప ఆ చేతులేవి?

మొహర్రము ఏటేట సుమారు 11 దినములు ముందునకు జరుగును. ఒక్కొక్కయేడు పరీక్షల నడుమ పడును. అట్టి యేట కమిటీవారు తేదీలు మార్చి విద్యార్థులను ఊళ్ళకు పంపవలెనని మా మనవి. వారు పీర్లపాటలను ఉర్దూ, తెలుగు లిపులలో వ్రాసికొనివచ్చినచో రాబోవు సంచికలో తొలి పుటలు వారివే.