పగటిపూట పిల్లల మందులకు పూచీ ఎవరిది?

వానపడి వేరుశనగ విత్తే అదను వచ్చిందంటే మన పల్లెల్లో తెల్లవారకముందే ఇళ్లకు తాళాలు పడతాయి. తల్లి చేనికి, తండ్రి బేల్దారి పనికి, అవ్వ గొర్రెల వెంట పోతారు. మూడేళ్ల బిడ్డ అంగన్‌వాడీకి పోతాడు. రాత్రి జ్వరం వచ్చివుంటే బిడ్డతోపాటు సంచిలో ఒక మందుసీసా కూడా పోతుంది. ‘మధ్యాహ్నం ఒక మూత పోయి టీచరమ్మా’ అని తల్లి గడప దగ్గరే చెప్పి కూలీల ఆటో ఎక్కుతుంది. ఆ మూత ఎంత, అది ఏ మందు, పొద్దున ఇంట్లో ఒకసారి పోశారా లేదా అని అడిగేవారు లేరు. అడిగే తీరిక ఇద్దరికీ లేదు.

చూడడానికి ఇది చిన్న సంగతి. కానీ జిల్లాలో ప్రతి ఊరిలోనూ, ప్రతి రోజూ జరిగేది ఇదే. బిడ్డ తల్లి ఒడి వదిలి మళ్లీ ఇల్లు చేరేవరకు వాడి మందుకు, వాడి ఒంటికి జవాబుదారీ ఎవరన్నది ఎక్కడా తేలలేదు. ఈ విషయం తేల్చుకోవలసిన బాధ్యత అధికారులకు ఎంత ఉందో గ్రామస్థులకూ అంతే ఉంది.

మొదలు మన జిల్లాలోనే

దేశంలో సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబరు 2న మొదలైనప్పుడు తొలి విడతగా 33 ప్రాంతాలను ఎంచుకున్నారు. వాటిలో మన కంబదూరు ఒకటి. 2006 ఫిబ్రవరి 2న గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని దేశానికంతటికీ ప్రారంభించింది కూడా మన నార్పల మండలం బండ్లపల్లిలోనే. 2005లో చేసిన ఆ చట్టంలో పని జరిగేచోట తాగునీరు, పిల్లలకు నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని రాశారు. ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురు, అంతకు మించి వస్తే వారిని చూసుకోవడానికి కూలీల్లోనే ఒక స్త్రీని నియమించాలనీ, ఆమెకూ కూలి ఇవ్వాలనీ రాశారు. అంటే తల్లి పనిచేస్తున్నప్పుడు బిడ్డను చూసే బాధ్యత ఊరిది, సర్కారుది అన్న మాట కాగితం మీదికి ఎక్కి చాలాకాలమయింది. పథకాల పేర్లు మారవచ్చు. ఆ బాధ్యత మారదు. ఇంతటి పథకాలకు నాంది పలికిన జిల్లాలో, బిడ్డకు మధ్యాహ్నం మందు ఎవరు పోయాలన్న చిన్న ఏర్పాటు లేకపోవడం సబబేనా?

రెండు సీసాలు, ఒకటే మందు

ముప్పు ఎక్కడుందో చూద్దాం. జ్వరానికి మనం వాడే పారాసిటమాల్ పిల్లలకు రెండు రకాలుగా దొరుకుతుంది. మామూలు సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 120 లేదా 125 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. అదే పేరుతో ఘాటు రకం కూడా వస్తుంది. అందులో 5 మిల్లీలీటర్లకు 250 మిల్లీగ్రాములు. ఇక చంటిపిల్లలకు ఇచ్చే చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములు ఉంటుంది. చుక్కల మందును సిరప్ అనుకుని అయిదు మిల్లీలీటర్ల మూత నిండా పోస్తే బిడ్డ కడుపులోకి నాలుగింతల మందు పోయినట్టే. పన్నెండు కిలోల బిడ్డకు ఒక విడతకు 180 మిల్లీగ్రాములు చాలు. ఆ మూతలో 500 ఉంటుంది.

ఇంకొక చిక్కు ఉంది. ఆర్.ఎం.పి. ఇచ్చిన సీసా మీద ఒక పేరు, మందుల షాపులో కొన్న సీసా మీద ఇంకొక పేరు ఉంటుంది. లోపలి మందు మాత్రం ఒకటే. పొద్దున తల్లి ఒకటి పోస్తుంది, పదకొండు గంటలకు ఒళ్లు కాలుతోందని టీచరమ్మ రెండోది పోస్తుంది. ఈ మందు విడతకూ విడతకూ కనీసం నాలుగు గంటలు ఎడం ఉండాలి. రోజుకు నాలుగు విడతలు మించరాదు. వరసగా మించితే కాలేయం దెబ్బతింటుంది.

దగ్గుమందు సంగతి ఇంకా ఘోరం. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారా ప్రాంతంలో విషం కలిసిన దగ్గుమందు తాగి ఇరవైమందికి పైగా పసిపిల్లలు చనిపోయారు. ఆ తర్వాత కేంద్ర ఆరోగ్యశాఖ రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వవద్దని, అయిదేళ్లలోపు వారికి సాధారణంగా వాడవద్దని హెచ్చరించింది. అయినా డాక్టరు చీటీ లేకుండా దగ్గుమందు సీసాలు అంగన్‌వాడీ గడప తొక్కుతూనే ఉన్నాయి.

మన ఎండలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. రేకుల కప్పు కింద వేసవి మధ్యాహ్నం మందు ఏమవుతుందో చెప్పనక్కరలేదు. పొడిలో నీళ్లు కలిపి తయారుచేసే యాంటీబయాటిక్ సిరప్ కలిపిన తర్వాత సాధారణంగా వారం రోజులకు మించి పనికిరాదు. పోయిన నెల మిగిలిన సీసాను ఈ నెల జ్వరానికి పోసే అలవాటు మానుకోవాలి.

టీచరమ్మల మాటలోనూ న్యాయముంది

‘మందులు మాకు వద్దు, ఏదైనా జరిగితే మా మెడకు చుట్టుకుంటుంది’ అని కొందరు కార్యకర్తలు ఖండితంగా చెబుతారు. ఆ మాటను తప్పుపట్టలేము. వారికి వచ్చేది గౌరవ వేతనం. పౌష్టికాహారం, బరువులు, టీకాలు, రకరకాల రికార్డులు అన్నీ వారి నెత్తినే ఉన్నాయి. నోటిమాటతో వచ్చిన మందు వల్ల బిడ్డకు కీడు జరిగితే ఊరంతా నిలదీసేది ఆమెనే.

అలాగని ‘జ్వరం తగ్గేదాకా బిడ్డను ఇంట్లోనే పెట్టుకో’ అని తల్లికి చెప్పడం తేలిక. ఆమెకు పోయేది ఆనాటి కూలి. విత్తే రోజుల్లో, కాయలు పీకే రోజుల్లో వచ్చే ఆ కూలితోనే కరువు నెలలు గడవాలి. చివరికి ఆమె బిడ్డను ఆరేళ్ల అక్కకు అప్పగించి పోతుంది. అప్పుడు ఆ పిల్ల బడి పోతుంది, మందుసీసా ఆ పిల్ల చేతికి వస్తుంది. కాబట్టి ‘మందులు ముట్టం’ అన్నదీ పరిష్కారం కాదు, ‘ఏదిస్తే అది పోస్తాం’ అన్నదీ పరిష్కారం కాదు. ఒక పద్ధతి కావాలి.

ఒక నోటుపుస్తకం చాలు

ఆ పద్ధతికి లక్షలు అక్కరలేదు. ప్రతి కేంద్రంలో ఒక మందుల నోటుపుస్తకం ఉంచాలి. బిడ్డ పేరు, మందు పేరు, ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్ని గంటలకు, పొద్దున ఇంట్లో ఎప్పుడు పోశారు అన్నవి రాయాలి. తల్లి సంతకమో వేలిముద్రో ఉండాలి. మందు పోసినప్పుడు టీచరు వేళ రాయాలి, ఆయా సాక్షి సంతకం చేయాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం చీటీ లేని మందును తీసుకోకూడదు. సీసా మీద బిడ్డ పేరు అంటించి, దానితో వచ్చిన కొలత మూతతోనే పోయాలి. ఇంటి చెంచాలు ఒక్కొక్కటి ఒక్కొక్క కొలత. ఒక బిడ్డ మందు ఇంకొక బిడ్డకు ఎన్నటికీ పోయరాదు. పెట్టెకు తాళం ఉండాలి. గర్భిణులకు ఇచ్చే ఎర్రటి ఇనుము మాత్రలు మిఠాయి అనుకుని పసివాళ్లు మింగితే ప్రాణానికే ముప్పు. అవి కూడా ఆ తాళంలోనే ఉండాలి.

సర్కారే ఇచ్చే మందులకూ ఈ పుస్తకం పనికివస్తుంది. 2015 నుంచి నులిపురుగుల దినం జరుగుతోంది. రెండేళ్లు దాటినవారికి ఆల్బెండజోల్ మాత్ర ఒకటి, ఏడాది నుంచి రెండేళ్లలోపు వారికి సగం ఇస్తారు. చిన్నవాళ్లకు మాత్రను పొడిచేసి నీళ్లలో కలిపి ఇవ్వాలి. లేకుంటే గొంతుకు అడ్డం పడుతుంది. ఆనాడు జబ్బుగా ఉన్న బిడ్డకు ఇవ్వకూడదు. ఎవరు జబ్బుగా ఉన్నారో పుస్తకం చూస్తే తెలుస్తుంది.

మందు ఒక్కటే కాదు

మూర్ఛ ఉన్న బిడ్డలు కొన్ని ఊళ్లలో ఉన్నారు. ‘పెళ్లి కాదేమో’ అన్న భయంతో తల్లిదండ్రులు దాస్తారు. దాచితే చెరుపు బిడ్డకే. ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాలగుత్తి పెట్టడం, నోట్లో నీళ్లు పోయడం, పళ్లమధ్య చెంచా దూర్చడం కూడదు. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టి, చుట్టూ ఉన్న రాళ్లూ రప్పలూ తీసివేయాలి. అయిదు నిమిషాలకు ఆగకపోతే 108కి ఫోను చేయాలి. తేలు కుట్టిన బిడ్డకు చల్లచెమటలు, వాంతులు మొదలైతే మంత్రగాని కోసం చూడకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి.

విరేచనాలకు మందు మన చేతిలోనే ఉంది. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరాల్లో కలరా చెలరేగినప్పుడు పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్‌లో సెలైన్ సీసాలు నిండుకున్నాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తయారుచేయించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. చావులు బాగా తగ్గిపోయాయి. అక్కడ వేలమందిని కాపాడింది చదువురాని తల్లులు, అక్కలు. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒక ఓ.ఆర్.ఎస్. పొట్లం మొత్తం కలపాలి. సగం పొట్లం, గ్లాసు నీళ్లు అన్న లెక్క పనికిరాదు. ఇరవైనాలుగు గంటలు దాటితే పారబోయాలి. ఆరు నెలలు దాటిన బిడ్డకు దానితోపాటు 14 రోజులు జింకు మాత్ర ఇవ్వాలి.

చేయవలసింది

మందుల పుస్తకాలు, కొలత మూతలు, తాళం పెట్టె ఇచ్చి, పద్ధతి పాటించిన టీచరుకు అండగా ఉంటామని శిశుసంక్షేమ శాఖ ఉత్తర్వు ఇవ్వాలి. ఏ.ఎన్.ఎం. ఊరికి వచ్చినప్పుడల్లా పుస్తకం చూసి సంతకం చేయాలి. ఉపాధి పనుల దగ్గర నీడ, నీళ్లు, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, పిల్లలను చూసే మనిషి ఉన్నారా లేదా అని పంచాయతీ సభ్యులు స్వయంగా పోయి చూడాలి. అమ్మవారు పోసిన బిడ్డను, ఆయాసపడుతున్న బిడ్డను, ఆగకుండా వాంతులవుతున్న బిడ్డను తల్లులు కేంద్రానికి పంపకూడదు. అటువంటి రోజున ఆ తల్లి కూలి పోకుండా పొదుపు సంఘం ఏదైనా ఆసరా ఆలోచిస్తే మేలు.

ఇవన్నీ పైనుంచి ఉత్తర్వు వచ్చేదాకా ఆగవలసిన పనులు కావు. నోటుపుస్తకం ఖరీదు ఒక టీ ఖరీదంత. వచ్చే గ్రామసభలో ఏ ఒక్క ఊరు దీన్ని మొదలుపెట్టినా పక్క ఊళ్లు చూసి నేర్చుకుంటాయి. వాన మన చేతిలో లేదు. బిడ్డకు పోసే మందు కొలత మాత్రం మన చేతిలోనే ఉంది.