ఆజ్ కుచ్ నై పకాయే

మన ఆడవాళ్ళు ఎక్కడ కలిసినా సలామ్ అయిన వెంటనే వచ్చే సవాల్ ఒకటే: "క్యా పకాయే?" పిల్లల చదువులు, అమ్మీ మోకాళ్ళ నొప్పి, ఇంటి కిరాయా అన్నీ దాని తర్వాతే. జవాబు కూడా తయారుగా ఉంటుంది. ఖట్టీ దాల్, తలావా గోష్. లేకపోతే బగారా ఖానా, దాల్చా. మే నెలలో కూడా అదే సవాల్, అదే జవాబు. "ఆజ్ కుచ్ నై పకాయే" అని ఏ ఆపా అయినా అనగా విన్నారా? ఎవరైనా అన్నారంటే ఆ ఇంట్లో ఎవరికో బీమారీ అనుకుంటాం, లేదా మియాబీవీ కొట్లాడుకున్నారని అనుకుంటాం.

నా రాయ్ చెప్తాను. ఎండాకాలంలో వారానికి రెండు మూడు మధ్యాహ్నాలు ఆ మాట మనం అనాలి. ఖుషీగా అనాలి. అనేసి దస్తర్‌ఖాన్ మీద టమాట శాండ్‌విచ్ పెట్టాలి. మెహ్మాన్ వచ్చినా సరే, అదే.

నవ్వేవాళ్ళు ముందు మన బావర్చీఖానాలోకి ఒకసారి తొంగిచూడండి. చాలా ఇళ్ళల్లో అది ఇల్లు కట్టగా మిగిలిన జాగా. పైన రేకులు, గోడకి జానెడు కిటికీ. ఫ్యాన్ వేస్తే మంట ఆరిపోతుందని ఫ్యాన్ ఉండదు. బయట 44 డిగ్రీలున్న రోజు, రేకుల కింద రెండు బర్నర్లు వెలుగుతుంటే, ఒంటి మీద నిండుగా బట్టలతో ఒక మనిషి రెండు గంటలు నిలబడుతుంది. 2015 మే నెల వడగాడ్పులకి ఆంధ్ర, తెలంగాణల్లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. ప్రతి ఏడూ ప్రభుత్వం వడదెబ్బ జాగ్రత్తలు చెప్తుంది. నీళ్ళు తాగండి, గొడుగు పట్టుకోండి అనేవి అందరికీ గుర్తుంటాయి. అదే జాబితాలో, ఎండ తీవ్రంగా ఉన్న వేళల్లో వంట పెట్టుకోవద్దు, వంటగది తలుపులు కిటికీలు తెరిచి ఉంచండి అని కూడా ఉంటుంది. ఈ మాట మాత్రం ఏ ఇంట్లోనూ అమల్లోకి రాదు. ఎండలో బయట తిరిగే మగాళ్ళ ఫికర్ అందరికీ ఉంది, ఉండాలి కూడా. పొయ్యి ముందు నిలబడే మనిషికి కూడా వడదెబ్బ తగులుతుందని ఎవరికీ తట్టదు.

అడ్డం వచ్చేది తకల్లుఫ్. పొయ్యి మీద హండీ ఎక్కకపోతే వచ్చినవాళ్ళకి బేఇజ్జతీ అనుకుంటాం. పోయిన ఏడు ఎండల్లో బంధువుల ఇంటికి వెళ్తే, ఆ ఇంటి బహూ మాతో సలామ్ చెప్పి లోపలికి వెళ్ళి మళ్ళీ మూడు గంటలకి బయటికొచ్చింది. అప్పటికి ఆమె మొహం ఎర్రగా కంది ఉంది. అందరూ తిన్నాక ఒక మూల కూర్చొని రెండు ముద్దలు తిని, నీళ్ళే తాగింది. ఆమెతో మాట్లాడదామనే నేను వెళ్ళింది. ఆరోజు మేము మాట్లాడుకున్నది "ఔర్ థోడా లేవ్", "బస్, బస్", ఇంతే.

డబల్ రొట్టెకి మన ఇళ్ళల్లో రెండే హోదాలు. బుఖార్ వచ్చినప్పుడు చాయ్‌లో ముంచి తినేది ఒకటి. షాదీలో నెయ్యిలో వేగి, పాలూ షక్కర్ తాగి డబల్ కా మీఠా అయ్యేది రెండోది. ఈ రెంటికీ మధ్య దానికి బతుకే లేదు. టమాటకీ అంతే. ఎక్కడో దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పండు అది. కోస్తా వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ రామములక్కాయ అంటారు. మనం దాన్ని కుట్‌లో గంటసేపు ఉడికిస్తాం, సాలన్‌లో కరిగిస్తాం, చట్నీ నూరుతాం. పచ్చిగా దాని జాయఖా ఏంటో మన పిల్లలకి తెలియదు.

ఇక తయారీ. సాదా చీజే, కానీ ఎట్లాపడితే అట్లా చేస్తే నోట పెట్టలేం. తప్పు కప్పిపెట్టడానికి ఇందులో మసాలా లేదు కదా.

మొదట టమాట. మదనపల్లె నుంచో కోలార్ నుంచో ట్రేల్లో వచ్చే గట్టి హైబ్రిడ్ కాయలు దూరం ప్రయాణం చేయడానికి తయారైనవి. తోలు మందం. తోటలో దోరగా ఉన్నప్పుడే కోస్తారు, దారిలో రంగు తిరుగుతుంది. కూరకి అవి బాగానే ఉంటాయి. దీనికి మాత్రం దగ్గరి ఊళ్ళ నుంచి బుట్టలో తెచ్చి అమ్మే పండ్లు వెతకండి. అంచులు మడతలు పడి, చూడటానికి వంకరగా ఉన్నా పర్వాలేదు. చేతిలోకి తీసుకుంటే సైజుకి మించిన బరువుండాలి. తొడిమ దగ్గర వాసన చూస్తే టమాట ఆకు వాసన రావాలి. ఇంటికి తెచ్చాక ఫ్రిజ్‌లో పెట్టకండి. ఆ చలికి ఖుష్బూ పోతుంది, కండ పిండిలా అవుతుంది. బుట్టలో తొడిమ వైపు కిందికి పెట్టి, నీడలో ఒకటి రెండు రోజులు వదిలేస్తే చాలు.

పళ్ళున్న కత్తితో అడ్డంగా కోయాలి, నిలువుగా కాదు. చిటికెన వేలిలో సగం మందం ఉంటే బాగుంటుంది. ప్లేట్‌లో పరిచి ఉప్పు చల్లి పది నిమిషాలు వదిలేయండి. ఉప్పు నీళ్ళని బయటికి లాగుతుంది, మిగిలిన కండలో రుచి చిక్కబడుతుంది. ఈ పది నిమిషాలు ఆగలేకనే చాలామంది శాండ్‌విచ్ బురద చేసుకుంటారు.

బ్రెడ్ మొహల్లా బేకరీది. కోయని లోఫ్ తీసుకొని కొంచెం మందంగా కోయించుకోండి. ప్యాకెట్‌లో వచ్చే తియ్యటి బ్రెడ్ దీనికి సరిపోదు. పొద్దున చాయ్ పెట్టేటప్పుడే పెనం మీద ఒకవైపు కాల్చి పెట్టుకుంటే మధ్యాహ్నం పొయ్యి వెలిగించే పనే లేదు. కాల్చిన వైపు లోపలికి రావాలి. దాని మీద అంచుల దాకా మలాయ్ కానీ వెన్న కానీ రాయాలి. ఆ కొవ్వు పొర ఉంటే టమాట నీళ్ళు బ్రెడ్‌లోకి దిగవు.

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో టమాటలు పండే కాలంలో ఇదే తింటారు. తెల్ల బ్రెడ్, మయోనీస్, ఉప్పు, మిరియాలు, అంతే. రసం కారుతుందని సింక్ మీదికి వంగి తినడం కూడా ఆ రివాజ్‌లో భాగమే. ఆ ముల్కులో తకల్లుఫ్ సంగతి నాకనవసరం కానీ, ఈ ఒక్క విషయంలో వాళ్ళు హాయిగా ఉన్నారు. మయోనీస్ మాత్రం మన ఎండలకి వద్దు. పచ్చి గుడ్డుతో చేసే మయోనీస్‌ని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30న ఏడాదిపాటు నిషేధించింది, ఊరికే కాదు. దాని బదులు పెరుగుని మల్మల్ బట్టలో కట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో వడకట్టండి. తెల్లారికి చిక్కటి చక్కా దిగుతుంది. అందులో ఒక్క వెల్లుల్లి రెబ్బ దంచి, కొంచెం ఉప్పు వేస్తే సరి. పైన టమాట, దాని మీద బరకగా దంచిన మిరియాలు. పుదీనా ఆకులు నాలుగు వేస్తే నేనేమీ అనను. కీరా, ఆలూ, హరీ చట్నీ అంటూ పెంచుకుంటూ పోతే బొంబాయి శాండ్‌విచ్ అవుతుంది, ఆలూ కోసం మళ్ళీ పొయ్యి వెలుగుతుంది. టమాట మీద టమాట సాస్ పోసేవాళ్ళతో మాత్రం నాకు బహస్ లేదు, వాళ్ళ నసీబ్.

"ఇది నాష్తా, ఖానా కాదు" అంటారు మగవాళ్ళు. మేస్త్రీ పనో హమాలీ పనో చేసి వచ్చినవాళ్ళ విషయంలో ఆ మాట నిజమే, రెండు ముక్కల బ్రెడ్ వాళ్ళకి చాలదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు గుడ్లు ఉడకబెట్టి పెట్టుకోవచ్చు, నానబెట్టిన చనా ఉడికించి పెట్టుకోవచ్చు. పక్కన లోటా మజ్జిగ. ఏసీ ఆఫీసు నుంచి వచ్చినవాళ్ళకి అంత హంగామా కూడా అక్కర్లేదు. ఖర్చు సంగతి అంటారా, 2023 జూలైలో కిలో వంద దాటినప్పుడు ఈ సలహా ఇచ్చుంటే నన్ను కొట్టేవాళ్ళు. అదే ఏడు సెప్టెంబర్ వచ్చేసరికి ధర పడిపోయి రైతులు పండ్లని రోడ్డు పక్కన పారబోశారు. అగ్గువగా దొరికినప్పుడే కదా తినేది.

మెహ్మాన్ల విషయంలో పెద్దవాళ్ళు ఒప్పుకోవడం కష్టం, తెలుసు. మొదలుపెట్టాల్సింది కూడా మెహ్మాన్లే. ఎండాకాలంలో ఎవరింటికైనా వెళ్ళేముందు ఫోన్ చేసి, "కుచ్ నక్కో పకావ్, నేను బ్రెడ్ తెస్తున్నా" అని చెప్పి చూడండి. మొదటిసారి అవతల గొంతు నారాజ్ అవుతుంది. రెండోసారి టమాటలు ఎన్ని తేవాలో వాళ్ళే అడుగుతారు.

ఇంకొకటి. ఇందులో మంట లేదు కాబట్టి పదేళ్ళ అబ్బాయి కూడా చేయగలడు. కత్తి దగ్గర ఒక్కసారి పక్కన నిలబడి చూపిస్తే చాలు. బేటీకి పదేళ్ళకే రోటీ ఒత్తడం నేర్పే ఇంట్లో బేటాకి టమాట కోయడం నేర్పితే ఏ రివాజూ చెడిపోదు. వాడు చేసింది మొదట వంకరగానే ఉంటుంది. తినండి.

ఉప్పు చల్లిన ప్లేట్‌లో మిగిలిన నీళ్ళు మాత్రం వాణ్ణి పారబోయనివ్వకండి. గింజల చుట్టూ ఉండే ఆ జిగురులోనే టమాట జాయఖా ఎక్కువ. చల్లటి మజ్జిగలో కలిపి, జీలకర్ర నలిపి వేసి, ముందు ఎవరు అడిగితే వాళ్ళకి ఇచ్చేయండి.