పాఠశాలాంత్య పరీక్షలలో ఆంగ్లము : పఠనము, వ్యాకరణము, మాతృభాష

పాఠశాలాంత్య పరీక్షలోని ఆంగ్లపత్రము ఒక తెలుగు పరిశోధన పత్రికకు చర్చనీయ విషయమగునా యని కొందరు శంకింపవచ్చును. ఆ శంకకు మన భాషాచరిత్రయే సమాధానము. ఇరువదవ శతాబ్ద్యారంభమున తెలుగునాట చెలరేగిన గ్రాంథిక వ్యావహారిక వివాదము పండితసభలలో ముదిరినదే యైనను, దానిని రగిల్చిన కారణములలో స్కూలు ఫైనలు పరీక్షలోని వ్యాసరచన యొకటి. ఆ వ్యాసమును కావ్యభాషలోనే వ్రాయవలెనా, ఆధునిక భాషలోను వ్రాయవచ్చునా యను ప్రశ్నపై 1912–13లో ఉత్తరువు వెలువడినది. 1914లో గురజాడ అప్పారావుగారు తమ అసమ్మతి పత్రమును సమర్పించిరి. పదునైదేండ్ల బాలుడు పరీక్షామందిరమున వ్రాయు రెండు మూడు పుటలు ఒక జాతి భాషావిధానమునే కదలింపగలవని నాడే తేలినది. నేడు అట్టి స్థానమును ఆక్రమించినది ఆంగ్లపత్రము. దానిని గూర్చి ఆంగ్లోపాధ్యాయులే గాక భారతీయ భాషాశాఖలవారును ఆలోచింపవలెనని నా అభిప్రాయము.

మొదట ఆ పత్రము స్వరూపమును చూతము. కేంద్రీయ మాధ్యమిక విద్యామండలివారి పదవ తరగతి ఆంగ్లపత్రమున వ్రాతపరీక్షకు గల 80 మార్కులలో పఠనమునకు 20, వ్యాకరణమునకు 10, రచనకు 10, సాహిత్యమునకు 40 కేటాయింపబడినవి. రాష్ట్రముల బోర్డుల పత్రములు వివరములలో భేదించినను, అపరిచిత గద్యభాగము, దానిపై ప్రశ్నలు, ఖాళీలను పూరించుట, తప్పులను దిద్దుట, వాక్యములను మార్చుట యను అంగములు సాధారణముగా కానవచ్చును. ఈ ఏర్పాటున దోషమేమియు లేదు. పాఠ్యపుస్తకమున లేని గద్యభాగమును ఇచ్చుట యనగా కంఠపాఠమునకు స్వస్తి చెప్పి అవగాహనను పరీక్షించుటయే గదా!

దోషమెల్ల అభ్యాసవిధానమున నున్నది. ట్యూషను కేంద్రములలోను, గైడు పుస్తకములలోను బోధింపబడు ఉపాయమిది: ముందుగా ప్రశ్నలను చదువుము, ప్రశ్నలోని ముఖ్యపదము గద్యభాగమున ఎచ్చట నున్నదో వెదకుము, అది యున్న వాక్యమును ఎత్తి వ్రాయుము. ఇందు వెదకుట కలదు, ఎత్తివ్రాయుట కలదు. చదువుట మాత్రము లేదు. వ్యాకరణమును గూర్చియు ఇట్టిదే మార్గము. «విల్» అన్నది «వుడ్» అగును, «టుమారో» అన్నది «ది నెక్స్ట్ డే» అగును అని ఒక పట్టికను వల్లెవేయించెదరు. ఏల అగునో బాలుడు అడుగడు, ఎవ్వరును చెప్పరు. మార్కులు వచ్చుచునే యున్నవి. కావున విద్య కూడ వచ్చినదని అందరును తలంచుచున్నారు.

స్వరాష్ట్రమునకు వెలుపల తెలుగు బోధించు మాబోటివారికి ఈ అభ్యాసముయొక్క ఫలము కొన్నియేండ్లు గడచిన పిదప ఎదురగుచుండును. మా పరిశోధక విద్యార్థులలో తెలుగునాటివారే గాక ఇతర భాషాప్రాంతములలో పెరిగినవారును ఉందురు. పదవ తరగతి ఆంగ్లమున వీరిలో పెక్కండ్రు మంచి మార్కులు పొందినవారే. కాని 1856లో వెలువడిన కాల్డ్వెల్ ద్రావిడభాషా తులనాత్మక వ్యాకరణమునో, 1961లో వెలువడిన బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు పీఠికనో, అదే సంవత్సరమున వెలువడిన భద్రిరాజు కృష్ణమూర్తిగారి తెలుగు ధాతువుల గ్రంథమునో చేతికిచ్చినపుడు వారు చేయునది యేమి? పదవ తరగతిలో నేర్చిన విద్యనే ప్రయోగింతురు. తమకు కావలసిన పదమును వెదకి, అది యున్న వాక్యమును ఎత్తి వ్రాసికొందురు. గ్రంథకర్త ఆ వాక్యమును స్వమతముగా చెప్పెనో, ఖండించుటకై పరమతమును అనువదించెనో వారికి పట్టదు. పూర్వపక్షమును సిద్ధాంతముగా ఉదాహరించిన వ్యాసములను దిద్దుట మాకు నిత్యకృత్యమైనది. ఇది ఆంగ్లము రాకపోవుట కాదు, చదువుట రాకపోవుట. మన శాస్త్రమునకు ముడిసరకైన గ్రంథములలో అధికభాగము ఆంగ్లమున నుండగా, ఈ లోపము వారి మార్కులతో తీరునది గాదు. మన పరిశోధనను క్షీణింపజేయునది.

పఠనమునకు ప్రాధాన్యమీయవలెనను మాట క్రొత్తది గాదు. ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణమున పనిచేసిన మైకేల్ వెస్ట్ 1926లో ప్రకటించిన ద్విభాషాత్వ గ్రంథమున, వంగదేశపు బాలురకు ఆంగ్లమున మొదట సాధింపదగినది పఠనశక్తియే యని వాదించెను. 1964–66 నాటి కొఠారీ విద్యాసంఘము ఆంగ్లమును గ్రంథాలయ భాషగా భావించినది. 1979–84 సంవత్సరములలో ఎన్. ఎస్. ప్రభుగారు దక్షిణభారత పాఠశాలలలో నడపిన ప్రయోగమున, బాలుని మనస్సు అర్థముపై లగ్నమై యున్నపుడే వ్యాకరణము అలవడునను సూత్రమును పరీక్షించిరి. ఇన్ని జరిగినను, 1930ల దశకమునాటి రెన్, మార్టిన్ వ్యాకరణమును అనుసరించిన అభ్యాసములే ఇంటింట నేటికిని రాజ్యమేలుచున్నవి. ఆ గ్రంథము తన పరిధిలో మంచిదే. కాని అది ఆంగ్లమును మాత్రమే ఎరుగును. చదువరి తెలుగువాడో, వంగీయుడో, తమిళుడో దానికి తెలియదు. ఆ తెలియనిది చెప్పవలసినవారు మనము.

ఒక ఉదాహరణము చాలును. పరోక్షకథనమున బాలుడు చేయు తప్పు ప్రసిద్ధము. «రామా సెడ్ దట్ ఐ విల్ కమ్ టుమారో» అని వ్రాయును. గురువు ఎఱ్ఱసిరాతో కొట్టివేయును. బాలుడు అజాగ్రత్తచేత ఇట్లు వ్రాసెనా? కాదు, తెలుగు వ్యాకరణమును శ్రద్ధగా పాటించియే వ్రాసెను. «తాను రేపు వచ్చెదనని రాముడు చెప్పెను» అను వాక్యమును పరిశీలింపుడు. «వచ్చెదను» అన్నది ఉత్తమపురుష క్రియ. కర్తృస్థానమున «తాను» వచ్చినను క్రియ మారలేదు. తెలుగున «అని» శబ్దము వక్త పలికిన క్రియను పలికినట్లే నిలుపును. ఆ వాక్యమునకు కేంద్రము రాముడే. ఆంగ్లమున కేంద్రము మాటను మోసికొని వచ్చినవాడు. వాడు నిలుచున్న చోటినుండి చూచినచో రాముడు «హి» అగును, రాబోవు కాలము గడచిన కాలమునకు లొంగి «వుడ్» అగును, «రేపు» మరునాడగును. బాలుడు «అని»కి బదులు «దట్» ఉంచి తక్కినదంతయు తెలుగు నియమమునకే విడిచెను. ఫలితముగా ఆంగ్లవాక్యమున వచ్చువాడు రాముడు గాక, చెప్పువాడయ్యెను! ఈ భేదమును ఒక్క పూట బోధించినచో పట్టికతో పనియుండదు. బోధింపనిచో ఎన్ని పట్టికలును చాలవు.

పఠనమునకు సంబంధించిన చిక్కు ఇంతకంటె లోతైనది. «నేను తిన్న పండు», «నేను తిన్న కంచము», «నేను తిన్న రోజు» అనునపుడు మనకు ఒక్క ధాతుజవిశేషణమే మూడు సంబంధములను తెలుపును. పండు కర్మ, కంచము అధికరణము, రోజు కాలము. ఆంగ్లము ఈ సంబంధములను వేరువేరు పదములతో, విశేష్యమునకు పిమ్మట చెప్పును. తెలుగున విశేషణములన్నియు ముందు నడచును. విశేష్యము తన క్రియకో, ఆఖ్యాతమునకో చేరువగా కూర్చుండును. «సంఘమువారు పాఠశాలలకు సూచించిన పుస్తకముల జాబితా దీర్ఘమైనది» అన్నచో జాబితాకును దీర్ఘమునకును నడుమ ఎవ్వరును లేరు. అదే ఆంగ్లమున «ది లిస్ట్ ఆఫ్ ది బుక్స్ దట్ ది కమిటీ రికమెండెడ్ ఫర్ స్కూల్స్ ఈజ్ లాంగ్» అగును. «లిస్ట్» ఎచ్చటనో మొదట నిలిచిపోయినది. క్రియకు పొరుగున «స్కూల్స్» ఉన్నది. బాలుడు పొరుగువానిని చూచి «ఆర్» అని వ్రాయును. దీనిని మనము వ్యాకరణదోషమని వ్యాకరణపు పది మార్కులలో కోసివేయుదుము. నిజమునకిది పఠనదోషము. వాక్యమున ఎవరు ఎవరికి చెందినవారో బాలుడు కనుగొనలేదు. పఠనము, వ్యాకరణము అని ప్రశ్నపత్రమున రెండు భాగములుగా విడదీయబడినవి ఒకే శక్తికి రెండు ముఖములని దీనివలన గ్రహింపవలెను.

అన్ని చోట్లను మాతృభాష అడ్డుపడునని తలంపరాదు, పెక్కుచోట్ల తోడ్పడును. «ఆదివారమునాడు ఉదయము పది గంటలకు» అనునపుడు దినమునకు «నాడు», గంటకు «కు», దినభాగమునకు ఏ ప్రత్యయమును లేకుండుట మన వాడుక. ఆంగ్లమున దినమునకు «ఆన్», గంటకు «ఎట్», దినభాగమునకు «ఇన్». గుర్తులు వేరైనను విభాగము ఒక్కటే. అట్లే «ఈ గుడిని కాకతీయులు కట్టించిరి» అని కర్మను ముందునకు తెచ్చి మనము సాధించు ప్రయోజనమునే ఆంగ్లము కర్మణి వాక్యముచే సాధించును. «బడు» ధాతువుతో నిర్బంధముగా తెలుగు చేయించుటకంటె, ఈ ప్రయోజనసామ్యమును చూపుట మేలు.

ఇంకొక వింత కలదు. మన ఉన్నత పాఠశాల తెలుగు వాచకములలోను ప్రత్యక్ష పరోక్ష కథనములు, కర్తరి కర్మణి వాక్యములు అభ్యాసములుగా నున్నవి. అపరిచిత గద్యభాగములును ఉన్నవి. ఒకే బాలుడు, ఒకే సంవత్సరమున, ఒకే అభ్యాసమును రెండు పత్రములకై చేయుచున్నాడు. తెలుగు పండితుడు చెప్పినది ఆంగ్లోపాధ్యాయునికి తెలియదు. ఆయన చెప్పినది ఈయనకు పట్టదు. ఇటీవలి సంవత్సరములలో తెలుగు రాష్ట్రములలో ఎదురెదురు పుటల మీద తెలుగును ఆంగ్లమును ముద్రించిన పాఠ్యపుస్తకములు వచ్చినవి. రెండు పుటలును ఎదురుపడినవి గాని, ఇద్దరు గురువులును ఇంకను ఎదురుపడలేదు.

పఠనవిధానమునకు మనము అన్యత్ర వెదకనక్కరలేదు. పదచ్ఛేదము, పదార్థోక్తి, విగ్రహము, వాక్యయోజన, ఆక్షేపసమాధానము అని మన ప్రాచీనులు వ్యాఖ్యానమునకు ఐదు లక్షణములు చెప్పిరి. అపరిచిత గద్యభాగమునకు ఇవి చక్కగా అన్వయించును. ఆంగ్లమున పదములు విడిగానే యుండును గావున మొదటిది సులభము. పదార్థము సందర్భమునుండి తెలియును. విగ్రహము సమస్తపదములను, ఉపసర్గప్రత్యయములు చేరిన పదములను విప్పుకొనుట. నాలుగవదైన వాక్యయోజన, అనగా అన్వయము, ఇదివరకు చూపిన «లిస్ట్» వంటి చిక్కులను విడదీయును. ఐదవది అన్నిటికంటె ముఖ్యమైనది. ఈ మాట రచయిత ఏల చెప్పెను? ఎవరికి బదులు చెప్పుచున్నాడు? తాను అంగీకరించునా, నిరాకరించునా? నేటి ప్రశ్నపత్రమున ఊహించి వ్రాయవలసిన ప్రశ్నలన్నియు ఈ ఐదవ లక్షణమునకు చెందినవే. మా పరిశోధక విద్యార్థులకు లేనిదియు ఇదియే.

దీనిపై రెండు ఆక్షేపములు రాగలవు. ఆంగ్లమును ఆంగ్లముచేతనే బోధింపవలెననియు, మాతృభాష ప్రవేశించినచో ఆంగ్లము కలుషితమగుననియు మొదటిది. మాతృభాష ప్రవేశింపకుండ ఆపుట ఎవరి తరమును గాదు. అది బాలుని మనస్సున ముందే యున్నది, వాని తప్పులలో ప్రత్యక్షమగుచునే యున్నది. చీకటిలో పనిచేయుదానిని వెలుగులోనికి తెమ్మనియే నా వాదము. గంట అంతయు తెలుగున మాటాడుమని కాదు. రెండవది, నగరములలోని తరగతులలో పలు మాతృభాషలవారు కలసి కూర్చుందురను ఆక్షేపము. ఇది బలమైనదే. కాని తక్కిన ద్రావిడభాషలలోను ధాతుజవిశేషణము విశేష్యమునకు ముందే నడచును. హిందీ, వంగము మున్నగు ఆర్యభాషలలోను క్రియ సాధారణముగా వాక్యాంతముననే యుండును. పై ఉదాహరణములలో కొన్ని అందరికిని పనికివచ్చును. పనికిరానివి ఏవో తేల్చుట పలు భాషాశాఖలు కలసి చేయదగిన పని. కేంద్రీయ విశ్వవిద్యాలయములలో ఆ శాఖలు ప్రక్కప్రక్కనే యున్నవి.

కావున నా సూచనలు మూడు. మొదటిది, పదవ తరగతి విద్యార్థుల ఆంగ్ల సమాధానపత్రములలోని తప్పులను సేకరించి, మాతృభాషానియమముల వెలుగున వర్గీకరించుట మన శాఖలలో పరిశోధనాంశము కావలెను. రెండవది, ఆ వర్గీకరణపై ఆధారపడి ప్రతి భాషకును ఒక చిన్న అభ్యాసపుస్తకము సిద్ధము కావలెను; అందు ప్రతి వ్యాకరణాభ్యాసమును ఒక గద్యభాగమునుండియే పుట్టవలెను, విడివాక్యములనుండి గాదు. మూడవది, పాఠశాలలలో తెలుగు పండితుడును ఆంగ్లోపాధ్యాయుడును ఒకే వారమున ఒకే విషయమును తమ తమ భాషలలో బోధించునట్లు పాఠప్రణాళిక కుదుర్చుకొనవలెను. వీనిలో ఏదియు పరీక్షాపద్ధతిని మార్పుమని కోరునది గాదు. పరీక్ష ఉన్నట్లే యుండనిండు. దానికి చేయు అభ్యాసము మారవలెను.

శిలాశాసనములను, తాళపత్రములను చదువుటకు మనము ఎంతో శ్రమపడి శిక్షణమిచ్చుచున్నాము. పదునైదేండ్ల వయస్సున అచ్చుపుటను చదువుట నేర్వనివాడు ఇరువదియైదేండ్ల వయస్సున తాళపత్రమును చదువలేడు. ఆ అచ్చుపుట ఏ భాషలో నున్నను అది మన పాఠమే.