జోలాపుట్ చేపకు ఏ రాష్ట్రం రూలు?

అమెరికాలో మిన్నెసోటా, విస్కాన్సిన్ ఇరుగుపొరుగు రాష్ట్రాలు. చలికాలంలో సరస్సులు గడ్డకట్టాక అక్కడి జనం మంచుకు బొరియలు తొలిచి చేపలు పడతారు. బొరియ మీద ఒక చట్రం పెట్టి గాలం కిందికి వదులుతారు. చేప ఎర లాగితే చట్రానికున్న బుల్లి జెండా లేస్తుంది. అంతదాకా మనిషి కాస్త దూరంలో చలి కాచుకుంటూ కూర్చోవచ్చు. ఈ కాలక్షేపానికీ చట్టం ఉంది. మిన్నెసోటాలో మంచు మీద మనిషికి రెండు గాలాలు, విస్కాన్సిన్‌లో మూడు. జెండా గాలం పెట్టినవాడు మిన్నెసోటాలో దానికి 200 అడుగుల లోపు ఉండాలి, విస్కాన్సిన్‌లో 100 గజాల లోపు ఉంటే చాలు. ఇవి నవ్వొచ్చేంత చిన్న తేడాలే. అయితే రెండు రాష్ట్రాలకూ సరిహద్దుగా ఉన్న నీళ్ల దగ్గర వాళ్లు బుద్ధిగా ఒక పని చేసుకున్నారు. అక్కడ ఏ రాష్ట్రం లైసెన్సు చేతిలో ఉన్నా రెండో రాష్ట్రం ఒప్పుకుంటుంది.

మన లంబసింగిలో గడ్డి మీద మంచు పేరుకునే తెల్లవారుజాములు ఉంటాయి గానీ గెడ్డలు గడ్డకట్టవు. జెండా గాలాలతో మనకు పనిలేదు. ఒకే నీటికి రెండు ఒడ్లలో రెండు ప్రభుత్వాలున్నప్పుడు చేపకు ఎవరి నియమం వర్తిస్తుందన్న ప్రశ్న మాత్రం అరకు వెనక కొండల్లోనూ ఉంది. మనిషికి ఎన్ని గాలాలని లెక్కగట్టే పద్ధతి మన కొండలకు అక్కర్లేదని, సరిహద్దు నీటికి ఒకే కట్టుబాటు అన్న పద్ధతి మాత్రం తప్పకుండా కావాలని నా వాదన.

మాడుగుల కొండల్లో పుట్టే మత్స్యగెడ్డ హుకుంపేట, పెదబయలు, ముంచంగిపుట్టు వైపు సాగి మాచ్‌ఖండ్ నదిగా ఒడిశా సరిహద్దు పట్టుకుంటుంది. జోలాపుట్ దగ్గర ఆనకట్టకు ఆగి, డుడుమ దగ్గర జలపాతమై దూకి, ఆ కింద సీలేరు అవుతుంది. బలిమెల జలాశయాన్ని నింపి, మోటు దగ్గర శబరిలో కలిసేసరికి ఛత్తీస్‌గఢ్ కూడా ఎదురవుతుంది. శబరి కూనవరం వద్ద గోదావరిలో చేరుతుంది. ఇన్ని మలుపుల్లో ఎక్కడా చేపకు సరిహద్దు రాయి కనబడదు. పెదబయలు వైపు మత్స్యశాఖ వదిలిన బొచ్చె పిల్ల కొరాపుట్ వైపు వలలో పెద్దదై తేలవచ్చు. అటువైపు వదిలిన శీలావతి ముంచంగిపుట్టు సంతలో అమ్ముడుపోవచ్చు. పెంచినవాడు ఒకడు, పట్టుకున్నవాడు ఒకడు. ఒడ్ల మధ్య మాటామాటా పెరగడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

ఈ నీటిలోంచి వచ్చే కరెంటు విషయంలో మాత్రం ఇద్దరికీ లెక్కలు బాగా తెలుసు. 1946లోనే మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు మాచ్‌ఖండ్ విద్యుత్తును 70:30గా పంచుకుంటూ ఒప్పందం రాసుకున్నాయి. 1955లో ఉత్పత్తి మొదలైంది. ఆరు యూనిట్లు, 120 మెగావాట్లు. తర్వాత వాటా సవరణల మీద దశాబ్దాలపాటు ఉత్తరాలు నడిచాయి. ఊళ్లు మునిగిన జనానికి మిగిలింది నీటి అంచు, ఆ అంచున దొరికే చేప. దాని లెక్క ఏ ఇంజనీరుకూ పట్టలేదు.

రాజ్యాంగం ప్రకారం చేపల వేట రాష్ట్రాల జాబితాలోది, 21వ అంశం. ప్రాదేశిక జలాలు దాటిన సముద్రం ఒక్కటే కేంద్రానిది. కాబట్టి ఆంధ్రప్రదేశ్ రూలు ఆంధ్రప్రదేశ్‌ది, ఒడిశా రూలు ఒడిశాది. వీటన్నిటికీ తాతలాంటి చట్టం 1897 నాటి భారత మత్స్య చట్టం. తూటాలు పేల్చి చేపలు పట్టకూడదని, నీటిలో విషం కలపకూడదని అది చెప్పింది. అసలు చట్టంలో శిక్ష రెండు నెలల జైలు లేదా 200 రూపాయల జరిమానా. ఆనాడు అది పెద్ద మొత్తం. ఎంచుకున్న నీళ్లలో ఎలాంటి వలలు వాడాలో, వాటి కొలత ఎంతో రాష్ట్రం నియమం పెట్టవచ్చని, స్థిరంగా నాటే పరికరాలను ఆపవచ్చని, ఒక నీటిలో వేటను రెండేళ్లదాకా పూర్తిగా నిలిపివేయవచ్చని కూడా చెప్పింది. మనిషికి ఎన్ని గాలాలన్న ఊసు అందులో లేదు. రాసినవాళ్లు తెల్లదొరలే, గాలం సరదా బాగా ఎరిగినవాళ్లే. అయినా గాలం వల్ల ఏరు ఖాళీ అవుతుందని వాళ్లు భయపడలేదు.

నేలలో పాతి గానీ మరోరకంగా గానీ కదలకుండా నిలిపిన వల, బుట్ట, బోను అన్నీ ఆ చట్టం దృష్టిలో ‘స్థిర పరికరాలే’. మెట్టు మెట్టుగా దిగే వరిమడిలో గట్టు తెగిన చోట ఒక కొండదొర ఇల్లాలు వెదురు బుట్ట పెట్టి, రాత్రికి నాలుగు పరిగెలు పట్టుకుంటుంది. గెడ్డ మొత్తానికీ అడ్డంగా వల కట్టి, ఎదురెక్కే చేపనల్లా దోచేవాడు ఇంకొకడు. చట్టం కంటికి ఇద్దరూ ఒకటే. పరికరాన్ని చూసి నియమం రాస్తే ఇలాగే అవుతుంది. అది ఎక్కడ, ఎప్పుడు పెట్టారన్నది చూడాలి.

ఎక్కడ, ఎప్పుడు అన్న రెండూ కొండల్లో కొత్తగా నేర్పాల్సినవి కావు. హుకుంపేట మండలం మఠం దగ్గర మత్స్యగుండం ఉంది. అక్కడ గెడ్డ రాతి అడ్డుకట్ట కిందకు పోయి మాయమై, కొంత దూరంలో మళ్లీ పైకి వచ్చి మడుగు కడుతుంది. 1907లో వచ్చిన విశాఖపట్నం జిల్లా గెజెటీర్‌లో ఫ్రాన్సిస్ ఆ మడుగు గురించి రాశాడు. మహసీర్ చేపలు మనిషి చేతిలోంచి తిండి తినేంత మచ్చికగా ఉండేవట. మాడుగుల జమీందార్లకు చేప పూజ్యం. పట్టి వండుకున్న ఒక బంజారా వర్తకుడు తన ఎద్దులతో సహా రాళ్లైపోయాడని కథ. శివరాత్రికి జాతర జరుగుతుంది. భక్తి సంగతి పక్కనపెట్టి చూస్తే ఇది చాలా తెలివైన ఏర్పాటు. ఏటి పైభాగాన, లోతైన చోట, పెద్ద తల్లిచేపలు నిలిచే మడుగును వేటకు పూర్తిగా మూసేశారు. మన మత్స్యశాస్త్రం ఇప్పుడు ‘రక్షిత మడుగు’ అని సిఫారసు చేసేది ఇదే. కాపలాకు గార్డు లేడు, జీతం లేదు. ఒక కథ కాపలా కాసింది. అయితే ఆ కథ కాసింది మడుగు ఒక్కదాన్నే. కింద మైళ్లకొద్దీ ఉన్న ఏటికి అలాంటి కథ ఎవరూ కట్టలేదు.

‘ఎప్పుడు’ సంగతి చూడండి. కొత్తల పండగ కాకుండా మామిడికాయ కోసి తినకూడదన్న కట్టుబాటు ఏజెన్సీలో చాలా ఊళ్లు పాటించాయి. చైత్రంలో ఇటుకల పండగకు వేట కూడా ఊరంతా కలిసి, రోజులు లెక్కపెట్టుకుని చేసేది. ఎన్ని కాయలు, ఎన్ని బాణాలు అని ఎవరూ లెక్క అడగలేదు. ఏ రోజు నుంచి ఏ రోజుదాకా అన్నదే లెక్క.

చేపకు కూడా ఈ లెక్కే సరిపోతుంది. బొచ్చె, శీలావతి, మోసు జాతులు వానాకాలపు వరదలో, పారే నీటిలో గుడ్లు పెడతాయి. ఆషాఢ శ్రావణాల్లో జలాశయంలోని చేప గెడ్డల మొగలకు చేరి ఎదురెక్కుతుంది. సరిగ్గా అప్పుడే ఆ మొగలకు వలలు అడ్డం పడతాయి. తెల్లారితే బుట్టలకొద్దీ గుడ్డుచేపలు. దోమతెర లాంటి సన్నకన్ను వల అయితే పిల్లల్నీ వదలదు. కిందటేడు పిల్లలు వదలడానికి ప్రభుత్వం పెట్టిన డబ్బు ఇలా ఒక వారంలో గెడ్డ మొగలోనే పోతుంది. దీని ముందు ఒక కుర్రాడు ఒడ్డున కూర్చుని ఒక గాలం వేశాడా, నాలుగు వేశాడా అన్నది లెక్కలోకి వచ్చే విషయమే కాదు.

ఇక విషం. ఎండాకాలంలో గెడ్డ తెగి గుంటలుగా మిగిలినప్పుడు మంగకాయ దంచి కలిపి చేపల్ని మత్తెక్కించి పట్టడం కొండల్లో పాత అలవాటు. దాన్ని వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. కానీ దాని ప్రభావం గుంట దాటదు, తొలివానకు కొట్టుకుపోతుంది. బ్లీచింగ్ పొడి, పురుగుమందు అలా కావు. నీటిలోని పురుగూ పుట్రా, నత్తలూ పీతలూ సహా అన్నిటినీ చంపుతాయి. దిగువన ఆ నీళ్లే తాగే ఊరుంటుంది. పాత చట్టానికి ఈ తేడా తెలియదు. రోడ్డు పనుల, క్వారీల పేలుడు పదార్థం చేతికొచ్చాక తూటా వేట ఎంత తేలికో చెప్పక్కర్లేదు. రాత్రిపూట తూటా వేసినవాణ్ణి పట్టుకోవడం కష్టం. పగలు గాలం పట్టుకున్నవాణ్ణి ఆపి లైసెన్సు అడగడం బహు తేలిక. గాలాలకు సంఖ్య పెడితే మన దగ్గర జరిగేది ఆ తేలిక పనే.

విస్కాన్సిన్‌లో గాలం వేసేవాడు సెలవురోజు సరదాకు వస్తాడు. చేప దొరక్కపోతే ఇంట్లో కూర ఆగదు. అక్కడ సంఖ్య పెట్టడం అందరికీ సమానంగా సరదా పంచడం. పెదబయలులో గాలం సాయంత్రం కూర.

గాలాన్ని పూర్తిగా వదిలేయమని అనను. కొర్రమీను ఉంది కదా, తెలంగాణ తన రాష్ట్ర చేపగా ఎంచుకున్నది. దాని పిల్లలు ఎర్రగా గుంపుకట్టి నీటిపైన తిరుగుతుంటే తల్లిదండ్రులు కిందే కాపలా ఉంటాయి. దగ్గరికొచ్చిన దేని మీదైనా దూకుతాయి. కప్పను ఎరగా కట్టి ఆ గుంపు మీద ఆడిస్తే పెద్ద చేప గాలానికి పడుతుంది. ఒక చేప దొరుకుతుంది, దిక్కులేని పిల్లల గుంపంతా మిగతా చేపల నోట పడుతుంది. గాలంతో జరిగే నష్టం ఇక్కడ నిజం. దీనికి కూడా మందు సంఖ్య కాదు. పిల్లలతో ఉన్న కొర్రమీనును ముట్టకూడదన్న ఒక్క మాట చాలు. అమెరికా జెండా గాలాల నియమంలో నాకు నచ్చిందీ సంఖ్య కాదు, దూరం. గాలం వేసినవాడు దగ్గర ఉండాలి. రాత్రంతా నీటిలో వదిలేసి మర్చిపోయే వందల కొక్కేల తాళ్లకు, తెగి కొట్టుకుపోయి ఏళ్లతరబడి చేపల్ని చంపుతూ ఉండే నైలాన్ వలలకు ఆ నియమం మనమూ తెచ్చుకోవచ్చు.

రెండు రాష్ట్రాలు ఒకే నియమం పాటించడం కుదిరే పనేనా అని అడిగేవారు ఇచ్ఛాపురం తీరం చూడాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరమంతా మర పడవల వేట బంద్. బారువ దగ్గర ఏ తేదీనో గోపాల్‌పూర్ దగ్గరా అదే తేదీ. మోటారు లేని తెప్పకు మినహాయింపు ఉంది. అంటే పెద్ద వేటను ఆపి, పూటగడుపుకునే వేటను వదిలే సూత్రం ఇప్పటికే నడుస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ రోజులకు మత్స్యకార కుటుంబానికి 2025లో 20,000 రూపాయల భృతి ఇచ్చారు. సముద్రం మీద ఆంధ్ర, ఒడిశా ఒక తేదీకి కట్టుబడగలిగితే జోలాపుట్‌లో ఎందుకు కుదరదు? సముద్రం విషయంలో కేంద్రం మధ్యలో ఉంది, నిజమే. కానీ కరెంటు ఒప్పందం 1946లో రాసుకున్నప్పుడు ఇద్దరే కూర్చున్నారు.

చట్టంలో చోటు కూడా ఉంది. 1996 నాటి పెసా, అంటే షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం, చిన్న నీటివనరుల ప్రణాళిక, నిర్వహణను పంచాయతీలకు అప్పగించమంది. ఆంధ్రప్రదేశ్ 2011లో నిబంధనలు తెచ్చుకుంది. ఒడిశాలో అవి ఏళ్లతరబడి ముసాయిదా దగ్గరే నలిగాయి. జోలాపుట్ లాంటి జలాశయాన్ని ‘చిన్న నీటివనరు’ అని ఎవరూ అనలేరు కాబట్టి పెసా గెడ్డలదాకానే వస్తుంది. గుడ్డుచేప ఎదురెక్కేది ఆ గెడ్డల్లోకే కదా, ఆ మేరకు అది చాలా ఉపయోగం. 2006 అటవీ హక్కుల చట్టం ఇంకాస్త ముందుకు పోయింది. 3(1)(డి) సెక్షన్ నీటివనరుల్లోని చేపలను సామూహిక హక్కుల్లో చేర్చింది. పోడు పట్టాల హడావుడిలో ఈ క్లాజు మీద మన గ్రామసభలు పెట్టుకున్న అర్జీలు అరుదు. ఐటీడీఏలు కూడా అడగమని చెప్పింది తక్కువ.

అన్నిటికంటే చిక్కు కొటియా. సాలూరు, పొట్టంగి మధ్య ఉన్న ఆ ఊళ్లు తమవేనని రెండు ప్రభుత్వాలూ అంటాయి. అక్కడ రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు, రెండు ఓట్లు ఉన్నవాళ్లున్నారు. 2021లో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లింది. అక్కడి గెడ్డలో విషం కలిపినవాడి మీద ఏ పోలీసు కేసు పెట్టాలి? సరిహద్దు తేలేదాకా ఆగుదామంటే చేపలు ఆగవు. ఇలాంటి చోట ఒకే కట్టుబాటు ఉంటే ఏ పోలీసు పట్టుకున్నా తప్పు ఒకటే అవుతుంది.

ఒప్పందం పెద్దది కానక్కర్లేదు. ఆషాఢ శ్రావణాల్లో గెడ్డల మొగల్లో వలలు పూర్తిగా బంద్. మిగతా నెలల్లో వల కన్నుకు రెండు ఒడ్లలో ఒకే కొలత. తూటాకు, మందుకు ఏ మినహాయింపూ లేదు. చేతి గాలానికి, వరిమడి బుట్టకు లైసెన్సూ లేదు, లెక్కా లేదు. ఏ ఒడ్డు మత్స్యకార సొసైటీ కార్డు ఉన్నా రెండో ఒడ్డున చెల్లాలి. వల ఆపిన నెలలకు తీరంలో ఇచ్చినట్టే భృతి ఇవ్వాలి. ఒడియాలో, తెలుగులో రాసి రెండు ఒడ్ల గ్రామసభల ముందు చదివాక పాడేరు, కొరాపుట్ కలెక్టర్లు సంతకాలు పెట్టాలి. సీలేరు కింద పనులు వేరు. బలిమెల జలాశయం చాలావరకు ఒడిశా లోపలే ఉంది. 2008 జూన్ 29న గ్రేహౌండ్స్ పోలీసుల లాంచీ మీద మావోయిస్టుల దాడి తర్వాత ఆ నీటి మీద పడవంటేనే అనుమానం. 2018లో గురుప్రియ వంతెన వచ్చాకే జలాశయం వల్ల దారి తెగిపోయిన ‘కట్ ఆఫ్’ ఊళ్లకు రాకపోకలు తేలికపడ్డాయి. అక్కడ మల్కన్‌గిరి యంత్రాంగమే ముందు నడవాలి. జోలాపుట్‌లో ఒక వానాకాలం గడిచాక, ఆ అనుభవంతో బలిమెల కాగితం రాసుకోవచ్చు.