పండు కోస్తే మొక్క మిగులుతుంది, వేరు తవ్వితే?

పై వీడియోలో త్రిఫల చూర్ణం తయారీ చూశారు కదా. ఆ కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ మూడూ మంగోలియా సంప్రదాయ వైద్యంలో కూడా వాడతారు. కరక్కాయని అక్కడ 'అరుర్' అంటారు. ఆ చలి దేశంలో ఈ చెట్లు పెరగవు. మన ఆయుర్వేదం టిబెట్ మీదుగా అక్కడికి చేరింది. వాత, పిత్త, కఫాల లెక్క కూడా దాంతోపాటే వెళ్లింది. 1930లలో అక్కడి ప్రభుత్వం బౌద్ధ మఠాలను కూల్చి, వేలమంది లామాలను చంపించింది. వైద్యం తెలిసినవాళ్లూ అందులో పోయారు. 1990 తర్వాత ఆ వైద్యం మళ్లీ నిలబడింది.

వైద్యం తిరిగొచ్చింది సరే, మొక్కల మాటేంటి?

తూర్పు మంగోలియా గడ్డి మైదానాల్లో ఒక మొక్క ఉంది. చైనా మందుల్లో దాని వేరుని 'ఫాంగ్‌ఫెంగ్' అంటారు. పూత వచ్చిందంటే వేరు కట్టెలా గట్టిపడి మందుకి పనికిరాదు. అందుకని పూతకు ముందే తవ్వి చైనాకి అమ్ముతున్నారు. అంటే విత్తనం రాలకముందే మొక్క పోతోంది. పశువులు మేసే నేలలో గుంతలు మిగులుతున్నాయి.

అదే దేశంలో ఉవ్స్ ప్రాంతం 'చాత్సర్గాన'కి పేరు. ముళ్ల పొద, నారింజ రంగు పండ్లు. దాన్ని తోటల్లో నాటి పెంచుతారు. పండు కోసుకున్నా పొద అలాగే ఉంటుంది. పైగా దాని వేరు బుడిపెలు మన పప్పుజాతి పంటల్లాగే గాలిలోని నత్రజనిని నేలకి పట్టిస్తాయి.

మన దగ్గర సర్పగంధ, నన్నారి కథ కూడా ఫాంగ్‌ఫెంగ్ లాంటిదే. "అడవి సరుకైతే కిలోకి ఎక్కువిస్తాం" అని నన్నడిగిన వ్యాపారులు ఉన్నారు. అడవి వేరులో గుణం ఎక్కువని కొనేవాళ్ల నమ్మకం. ముదురు వేరుకి బలం ఉంటుంది, కాదనను. కానీ ఆ ముదురు వేరుని మన చేలోనే, టైమిచ్చి పెంచొచ్చు కదా! తవ్వేవాళ్లని తిట్టి లాభం లేదు, వాళ్లకి అది కూలి. వాళ్ల చేతికి నారు ఇచ్చి, పండించిన వేరుకి అడవి వేరు రేటే ఇస్తే తవ్వకం తగ్గుతుందని నా అభిప్రాయం.

రసాయనం వేయనంత మాత్రాన అది ప్రకృతి వ్యవసాయం అయిపోదు. మందు వేరు కొనేటప్పుడు "ఎక్కడ పెంచారు, విత్తనానికి ఎన్ని మొక్కలు వదిలారు" అని అడగండి. జవాబు లేకపోతే ఆ సరుకు నేను కొనను. మీరూ కొనొద్దు.