కొనుగోలు చట్టము - చిన్న వర్తకుడు

బ్రిటిషు ప్రభుత్వమువారు తమ కొనుగోళ్ళను గూర్చిన క్రొత్త చట్టమును 2025 సం. ఫిబ్రవరి 24వ తేదీనుండి అమలులోనికి దెచ్చిరి. ఈ ప్రొక్యూర్‌మెంటు ఆక్టు 2023 అక్టోబరు 26వ తేదీన రాజామోదము పొందినది. 2024 అక్టోబరు 28వ తేదీననే అమలు కావలసియుండెను. నడుమ ప్రభుత్వము మారినది. లేబరు మంత్రివర్గమువారు కొనుగోళ్ళ విధాన ప్రకటనను తిరిగి వ్రాయదలచి గడువును నాలుగు మాసములు పొడిగించిరి. ఆ నాలుగు మాసము లెవరి కక్కరకు వచ్చినవి, ఎవరికి రాలేదు అనునదే యిచట మేము విచారింపదలచిన విషయము.

చట్ట మక్కరలేదని యెవరును అనజాలరు. ఆ దేశపు ప్రభుత్వశాఖలు, నగరపాలక సంస్థలు, ఆస్పత్రులు మొదలగునవి యేటేట 30 వేలకోట్ల పౌండ్లకు పైగా కొనుగోళ్ళకు వెచ్చించుచున్నవి. 2018 జనవరిలో కెరిలియన్ కంపెనీ కూలినపుడు ప్రభుత్వ సంస్థలతో దానికి దాదాపు 420 కంట్రాక్టులుండెను. దానికి సరకు లిచ్చి, పని చేసిపెట్టి, సొమ్ము రాక నష్టపడిన చిన్న సంస్థలు వేలకొలది. 2020లో కోవిడు ప్రబలినపుడు జరిగినది మరియు విచిత్రము. మంత్రులు, పార్లమెంటు సభ్యులు, ఉన్నతోద్యోగులు సిఫారసు చేసిన వర్తకులకు ప్రత్యేకమార్గ మొకటి యేర్పడెను. ఆ మార్గమున వచ్చిన 493 మందిలో 47 మందికి కంట్రాక్టులు దొరకగా, సామాన్యమార్గమున వచ్చిన 14,892 మందిలో 104 మందికి మాత్రమే దొరకినవని అచటి నేషనల్ ఆడిట్ ఆఫీసువారే లెక్కగట్టిరి. 2022 జనవరిలో హైకోర్టు ఆ పద్ధతి చట్టవిరుద్ధమని చెప్పెను. ఇట్టి యనుభవము పిదప, ఐరోపా సమాఖ్యనుండి సంక్రమించిన నాలుగు నిబంధనావళులను త్రోసిపుచ్చి యొకే చట్టము చేసికొనుట న్యాయమే. స్కాట్లండు మాత్రము తన చట్టము తాను ఉంచుకొన్నది.

క్రొత్త చట్టమునకు ప్రాణము బహిరంగత. కొనదలచినది మొదలు కంట్రాక్టు ముగియువరకు 17 రకముల ప్రకటనలున్నవి. ఏటికి 10 కోట్ల పౌండ్లకు మించి వ్యయము చేయు సంస్థ రాబోవు 18 మాసముల పెద్ద కొనుగోళ్ళను ముందే తెలుపవలెను. 50 లక్షల పౌండ్లు దాటిన కంట్రాక్టులలో పని తీరును గొలుచుటకు సాధారణముగా మూడు కొలబద్దలైన నుంచి, ఫలితమును వెల్లడింపవలెను. బిల్లు సొమ్ము 30 దినములలో చెల్లవలెను. పెద్ద కంట్రాక్టరు క్రింద పనిచేయు చిన్నవానికి సైత మీ నియమము వర్తించును. అక్రమవర్తనులను దూరముగా నుంచుటకు నిషిద్ధుల పట్టిక గలదు. కాగితముపై నివియన్నియు శ్లాఘనీయములు.

అయితే యీ పదునేడు ప్రకటనలను వ్రాయునది గుమాస్తా కలము కాదు, సాఫ్ట్‌వేరు. ఇంతకాల మొక్కొక్క కౌన్సిలు ఒక్కొక్క కంపెనీవారి టెండరు వెబ్‌సైటును వాడుకొనుచు వచ్చినది. వర్తకుడు తన పేరు, చిరునామా, జమాఖర్చులు ప్రతిచోటను మరల మరల వ్రాసియిచ్చుచుండెను. ఇకమీదట కేంద్రవేదికయందు ఒకమారు చెప్పిన చాలును. అచట నొక సంకేతము పుట్టును, దానిని కొనువారికిచ్చిన చాలును. ఆలోచన చక్కనిది. కాని యందుకై ప్రతి కంపెనీయు తన సాఫ్ట్‌వేరును మార్చి, ప్రకటనలను నిర్ణీతరూపమున కేంద్రమునకు బంపగల్గవలెను. అంతటితో తీరలేదు. పాత చట్టము క్రింద మొదలైన కంట్రాక్టులు పాత చట్టము క్రిందనే ముగియవలెను గనుక, ఏండ్ల తరబడి ప్రతి సాఫ్ట్‌వేరును రెండు శాసనములను మోయవలసినదే. ఒక ఒరలో రెండు కత్తులిముడవని మనవారందురు. ఇచట నిముడ్చవలసియే వచ్చినది.

ప్రభుత్వమువారు ఊరకుండలేదు. కొనుగోలు చేయు ఉద్యోగులకు చిన్న వీడియోలు మొదలుకొని దీర్ఘతరగతులవరకు నాలుగంచెల శిక్షణ నేర్పరచిరి. గడువు పెరుగుట వారికి మేలే చేసినది. వర్తకులకో, ఆ వీడియోలును మార్గదర్శక పత్రములును మిగిలినవి. అసలు నమోదుద్వారము చట్టము అమలైన దినముననే తెరువబడెను! ముందు నాలుగు మాసములు పెరిగిన నేమి, నలుబది మాసములు పెరిగిన నేమి, చూచుటకు ఫారమే లేనపుడు?

నమోదు ఉచితము, తేలిక యని యధికారులందురు. ఉచితమనుట నిజము. తేలిక యనునది యెవరికి? టెండర్లు వ్రాయుటకే యొక విభాగమును పోషించు మహాసంస్థకు తేలికయే. నాలుగు బస్సులతో బడిపిల్లలను చేరవేయువానిని, పదిమంది కూలీలతో ఆస్పత్రి దుప్పట్లుతుకువానిని తలచుకొనుడు. సంస్థపై నియంత్రణాధికారము గలవా రెవరు, సంబంధముగల వ్యక్తు లెవరు, మినహాయింపునకు కారణములేవైన గలవా యను ప్రశ్నలకు పగటిపని ముగిసిన పిదప రాత్రివేళ కూర్చుండి యతడు సమాధానములు వ్రాయవలెను. ఆ వివరములు నమోదుగాక కంట్రాక్టు దొరకదు. వెలలో నోడిన వర్తకుడు మరుసటిసారి వెల తగ్గించుకొనును. ఫారమున నోడినవాడు తానేల యోడెనో యెరుగడు, మరల రాడు. చిన్నవారికి తలుపులు తెరతుమని చెప్పి తెచ్చిన చట్టమునకు ఇంతకన్న నపఖ్యాతి యేమి?

మా యభిప్రాయమున ఇట్టి చట్టమునకు నియమితదినము పెట్టుటకు ముందే ఫారమును వర్తకుల చేతికి పరీక్షార్థ మీయవలెను. సాఫ్ట్‌వేరును అద్దెకుదీసికొను కౌన్సిలు, ఆ యొడంబడికలోనే యొక షరతు చేర్చవలెను: తన జిల్లాలోని చిన్న వర్తకులు కొందరు దానిపై మొదటినుండి తుదివరకు టెండరు వేసిచూచిన గాని సొమ్ము చెల్లింపబోమని. ముప్పది దినముల నియమము తప్పినపుడు పెద్ద కంట్రాక్టరుపై ఫిర్యాదుచేసి రేపటి పని పోగొట్టుకొన సాహసించు చిన్నవాడు అరుదు గనుక, ఆ లెక్కను కౌన్సిలే యడిగి తెలిసికొనవలెను.

ఇది పరదేశముగోల యని త్రోసివేయరాదు. 2025 జులై 24వ తేదీన భారత బ్రిటిషు ప్రభుత్వములు చేవ్రాలు చేసిన వాణిజ్యపు టొడంబడికయందు ప్రభుత్వపు కొనుగోళ్ళకొక ప్రత్యేకాధ్యాయము గలదు. హైదరాబాదులోని మందుల కంపెనీ లండను ఆస్పత్రికి సరకమ్మబూనునాడు దాని గుమాస్తాకును ఈ ఫారమే యెదురగును.

మన యింటిమాటయు నొకటున్నది. టెండరుపెట్టెకడ కాపుగాసి పరుల నడ్డగించిన కంట్రాక్టరు ముఠాలను మన పెద్దలెరుగుదురు. 2003లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము టెండర్లను కంప్యూటరు నెక్కించినపుడు ఆ కాపలా చాలవరకు తప్పినది. దాని బదులు డిజిటల్ సంతకము లేనివాడు గుమ్మమెక్కలేని స్థితి వచ్చినది. తమిళనాడువారు 1998లోనే టెండర్ల చట్టము చేసికొనిరి. కేంద్రమునకు మాత్ర మట్టి సమగ్రశాసన మింకను లేదు. 2012లో లోక్‌సభ ముందుకు వచ్చిన బిల్లు 2014లో ఆ సభతోపాటే కాలము చేసినది. నాటినుండి ఆర్థిక నిబంధనలతోనే పని జరుగుచున్నది. ఆ బిల్లు మరల వచ్చునెడల, దానితోపాటు ఫారము నమూనాను సైతము సభ్యుల బల్లలపై నుంచుమని మన ప్రతినిధులు అడుగవలెను.