డెక్క ఎరువు ఉచితమే, పరీక్ష కాగితం ఏది?

సముద్రపు నాచు ద్రావణాన్ని సీసాల్లో కొని పైరుకు కొడుతున్నాం. మన అల్వాల్ చెరువుల్లో పుట్టే గుర్రపు డెక్కను మాత్రం యంత్రాలతో తీసి లారీల్లో చెత్తకుప్పలకు తోలుతున్నారు. దానిలో తొంభై శాతానికి పైగా నీళ్లే. అంటే డీజిల్ పోసి నీళ్లు మోస్తున్నారన్నమాట. గట్టు మీదే ఎండబెట్టి, పేడ కలిపి కుప్ప వేస్తే రెండు మూడు నెలల్లో ఎరువవుతుంది. (ఎండని కాడలు కాల్వలో పడితే మళ్లీ మొలుస్తాయి, జాగ్రత్త.) 2025 వానాకాలంలో యూరియా కోసం చెప్పులు లైన్లో పెట్టిన రైతుకు ఇది చేదా?

అయినా ఊరికే వస్తుందని తోలుకోవద్దనే అంటాను. ఈ డెక్క మురుగునీటిలో పెరిగింది. సీసం, కాడ్మియం, క్రోమియం వేళ్లతో పీల్చుకోవడం దాని గుణం. డెక్క మురుగుతుంది గానీ లోహం మురగదు. కుప్ప తగ్గేకొద్దీ దాని పాలు పెరుగుతుంది. శామీర్‌పేట, మేడ్చల్ ఆకుకూర మడుల్లో ఒకసారి చేరితే తీయడం మన తరం కాదు. 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద పట్టణ కంపోస్టుకు హద్దులున్నాయి: కిలోకు కాడ్మియం 5, క్రోమియం 50, సీసం 100 మిల్లీగ్రాములు. ప్రతి చెరువు కుప్పకూ ఈ పరీక్ష చేయించి, కాగితం రైతు చేతికిచ్చాకే బండి కదలాలి. ఖర్చు చెరువులోకి మురుగు వదిలినవాళ్లది, మనది కాదు.